నీటి పద్దు, పోషకాల పద్దు – 4వ పాఠం: మ్యాపులో కనిపించని నది

మొదటి మూడు పాఠాల్లో మ్యాపు మీద ఎత్తులు చూసి పరీవాహక ప్రాంతానికి హద్దు గీశాం. వానమాపకాల లెక్కల నుంచి ఆ ప్రాంతం మొత్తానికీ సగటు వాన తీశాం. దిగువన గేజ్ (నదిలో నీటిమట్టం కొలిచే చోటు) దగ్గర మట్టం చూసి ఏడాది ప్రవాహం కట్టాం. మూడో పాఠం చివర పద్దు ముచ్చటగా సరిపోయింది కూడా: వాన 900 మి.మీ., ఆవిరై పోయింది 640, నదిలో పారింది 260. పొలాలు, చెట్లు, అక్కడక్కడా నాలుగు ఇళ్లు ఉన్న చోటు కాబట్టి అంత సులువుగా తేలింది.

ఇవాళ అదే 40 చదరపు కిలోమీటర్ల మీద 2 లక్షల మందిని దించుదాం. రోడ్లు, డాబాలు, పైపులు, మురుగు కాలువలు అన్నీ వస్తాయి. మొత్తం నేలలో నాలుగో వంతు మాత్రం ఇంకా సాగులో ఉంది. అంకెలన్నీ సాధన కోసం నేను అల్లినవే, ఏ ఒక్క నదివీ కావు. కాకపోతే పెరుగుతున్న పట్టణాల్లో ఎదురయ్యే మోతాదుల్లోనే ఉంచాను.

నోటుపుస్తకంలో ఎదురెదురు పేజీలు తీసుకోండి. ఎడమ పేజీ నీటికి, కుడి పేజీ పోషకాలకు. చాలామంది కుడి పేజీతో మొదలుపెడతారు. నాచు పెరిగి నది పచ్చబడిందంటే అందరి కళ్లూ నత్రజని, భాస్వరం మీదే ఉంటాయి కదా. కానీ పోషకం లెక్క అంటే నీటి పరిమాణాన్ని గాఢతతో గుణించడమే. ఎడమ పేజీలో 20 శాతం తప్పుంటే కుడి పేజీలోకి ఆ 20 శాతమూ నడిచి వస్తుంది. అందుకని ముందు నీరు.

అన్నీ మిల్లీమీటర్లలోకి

ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మి.మీ. నీరు నిలబడితే అది 1,000 ఘనపు మీటర్లు. మన 40 చదరపు కిలోమీటర్లకు ఒక మి.మీ. అంటే 40,000 ఘనపు మీటర్లు. ఈ ఒక్క అంకె పేజీ పైన రాసి చుట్టూ గీత గీయండి. నీటి సరఫరా వాళ్లు రోజుకు ఇన్ని లక్షల లీటర్లు అంటారు, మురుగు శుద్ధి కేంద్రం వాళ్లు ఇన్ని ఘనపు మీటర్లు అంటారు, వాతావరణ శాఖ మిల్లీమీటర్లు అంటుంది. అన్నిటినీ ఏడాదికి మిల్లీమీటర్లలోకి మార్చేదాకా ఏది పెద్దదో ఏది చిన్నదో కంటికి ఆనదు.

చేసి చూద్దాం. మనిషికి రోజుకు 150 లీటర్ల చొప్పున 2 లక్షల మందికి రోజుకు 30,000 ఘనపు మీటర్లు. ఏడాదికి 109.5 లక్షల ఘనపు మీటర్లు. దాన్ని 40,000తో భాగిస్తే 274 మి.మీ.

ఊరు రాకముందు ఈ నదిలో ఏడాదంతా పారింది 260 మి.మీ. ఇప్పుడు కుళాయిల్లోంచి దిగుతున్నది అంతకన్నా ఎక్కువ. ఈ నీరు మరో నది నుంచి, మన హద్దు దాటి, గుట్ట అవతల నుంచి పైపులో వస్తోంది. మ్యాపు మీద గీసిన హద్దు వాన నీటికి మాత్రమే హద్దు. ఊరు వచ్చాక రెండో నది ఒకటి భూమి కింద పైపుల్లో మొదలవుతుంది, దానికి ఎత్తుపల్లాలతో పని లేదు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. బయటి నుంచి వచ్చిన నీటిని మాత్రమే జమలో రాయాలి. హద్దు లోపలి బోర్ల నుంచి తోడిన నీరు జమ కాదు, అది మన నేలలోంచే తీసి మన నేల మీదే పోసిన నీరు. దాని ప్రభావం భూగర్భ నిల్వ తగ్గడంలో కనిపిస్తుంది. సరఫరా మొత్తాన్నీ జమలో రాసి, భూగర్భజల మట్టం పడిపోయిందని నిల్వలోనూ రాస్తే అదే నీటిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. పట్టణాల పద్దుల్లో ఇంతకన్నా తరచుగా కనిపించే తప్పు ఇంకోటి లేదనుకుంటాను. ప్రస్తుతానికి మన ఉదాహరణలో సరఫరా అంతా బయటిదే.

పైపు నీరు ఎక్కడెక్కడికి పోతుంది

274లో 20 శాతం దారిలోనే కారిపోతుందనుకుందాం. అది 55 మి.మీ., నేరుగా నేలలోకి ఇంకుతుంది. ఇళ్లకు చేరింది 219. వాడిన దానిలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది, అంటే 175. మిగతా 44 మొక్కలకు పోయడంలో, ఆరబెట్టడంలో, కూలర్లలో ఆవిరవుతుంది. దీన్ని విడిగా రాయక్కర్లేదు, ఆవిరి ఖాతాలోనే కలిసిపోతుంది.

175 మి.మీ. మురుగులో 60 శాతం ఇళ్లది భూగర్భ మురుగు పైపుల్లో కలుస్తోందని మున్సిపల్ రికార్డు చెబుతోంది. ఆ పైపు గేజ్‌కు దిగువన ఉన్న శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. కాబట్టి 105 మి.మీ. మన హద్దు దాటి, గేజ్‌కు కనిపించకుండా బయటికి పోతోంది. మిగతా 70 సెప్టిక్ ట్యాంకుల్లోకి, అక్కడి నుంచి నేలలోకి, కొంత తిన్నగా వరద కాలువలోకి.

శుద్ధి కేంద్రం గేజ్‌కు ఎగువన ఉందా దిగువన ఉందా అన్నది ముందే తేల్చుకోండి. ఎగువన ఉండి శుద్ధిచేసిన నీటిని అదే నదిలోకి వదిలితే ఆ నీరంతా గేజ్‌లో లెక్కకొచ్చేస్తుంది, దాన్ని మళ్లీ విడిగా ఖర్చులో రాయకూడదు.

నదిలో ఏం మారుతుంది

అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన లూనా లియోపోల్డ్ 1968లో పట్టణ ప్రణాళికలు వేసేవాళ్ల కోసం ఒక చిన్న మార్గదర్శి రాశాడు. నీరు ఇంకని నేల ఎంత పెరిగింది, వరద కాలువలు ఎంత మేర వేశారు అన్న రెండు విషయాలు తెలిస్తే వరద శిఖరం ఎంత ఎత్తుకు లేస్తుందో అంచనా కట్టొచ్చని చూపించాడు. ఇందులో రెండోదాన్ని మనవాళ్లు మర్చిపోతుంటారు. సిమెంటు నేల పెరగడం ఒక ఎత్తు. ఆ నీటిని గంటలోపే నదికి చేర్చే కాలువలు వేయడం ఇంకో ఎత్తు. ఇంటి డాబా మీద పడ్డ వాన పక్కనున్న మట్టి పెరట్లోకి జారితే నదికి పెద్దగా తెలియదు. అదే వాన పైపు గుండా కాలువలోకి దిగితే నది ఉబ్బుతుంది. రెండు చోట్లా డాబా విస్తీర్ణం ఒక్కటే.

వాన లేని రోజుల్లో నదిలో పారే ఊట నీటి సంగతి మాత్రం అంత సూటిగా ఉండదు. "ఊరు పెరిగితే ఊట తగ్గిపోతుంది" అని అందరూ అనేస్తుంటారు. ఇంకుడు తగ్గడం నిజమే. కానీ మన ఊళ్లో పైపుల నుంచి 55 మి.మీ. కారుతోంది, సెప్టిక్ ట్యాంకుల నుంచి ఇంకొంత దిగుతోంది. కొన్ని పట్టణాల్లో ఊట తగ్గింది, కొన్నిట్లో పెరిగింది. కారే పైపులు ఒకవైపు లాగుతాయి, బోర్లు, కింది నుంచి ఊటను పీల్చే మురుగు పైపులు రెండోవైపు లాగుతాయి. ఏది గెలుస్తుందో లెక్క వేస్తేనే తెలుస్తుంది, సామెతలా చెప్పేయడానికి లేదు.

మన గేజ్ ఏడాది మొత్తం మీద 460 మి.మీ. చూపించింది. అందులో వాన లేని రోజుల ప్రవాహం 190, వానల తర్వాతి ఉద్ధృత ప్రవాహం 270. గ్రాఫు మీద ఈ రెండింటినీ విడదీసే పద్ధతి మూడో పాఠంలో చూశాం.

ఎడమ పేజీ మూసే ప్రయత్నం

జమ: వాన 900, బయటి నుంచి పైపు నీరు 274. మొత్తం 1,174.

ఖర్చు: నది 460, మురుగు పైపులో బయటికి 105, ఆవిరి 525. మొత్తం 1,090.

నిల్వలో మార్పు: బావుల్లో మట్టం ఏడాదిలో సగటున 0.8 మీటరు దిగింది. ఈ రాతి నేలలో మట్టం ఒక మీటరు దిగితే నిజంగా బయటికొచ్చే నీరు ఆ మందంలో 2 శాతమే అనుకుంటే 16 మి.మీ. తగ్గినట్టు. అంటే మైనస్ 16. (0.8 మీటరును యథాతథంగా 800 మి.మీ. అని రాసేయకండి. ఆ తప్పు చేసినవాళ్ల పద్దులో వానంత నీరు గాల్లోంచి ఊడిపడుతుంది.)

తేడా = జమ – ఖర్చు – నిల్వ మార్పు = 1,174 – 1,090 + 16 = 100 మి.మీ.

వంద మిల్లీమీటర్లు ఎటు పోయిందో తెలీదు. కంగారు పడే ముందు మన కొలతలు ఎంత నమ్మదగ్గవో చూడాలి. వానకు 5 శాతం అటూఇటూ అనుకుంటే 45 మి.మీ. పైపు నీటికి 10 శాతం, అంటే 27. నదికి 10 శాతం, 46. ఆవిరిని మనం కొలవలేదు, ఎండ, గాలి, తేమల లెక్కల నుంచి సూత్రంతో తీశాం కాబట్టి 15 శాతం ఇద్దాం, 79. విడివిడి పొరపాట్లను కూడకూడదు. వర్గాలు చేసి కూడి వర్గమూలం తీయాలి, ఎందుకంటే అన్నీ ఒకేసారి ఒకేవైపు తప్పడం అరుదు. అలా చేస్తే 105 వస్తుంది.

తేడా 100, పొరపాటు హద్దు 105. "హద్దులోనే ఉంది, పద్దు మూసేద్దాం" అనిపిస్తుంది. చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి. నా మాటగా చెప్తున్నాను, ఆగకండి. తేడా హద్దులో ఉందంటే పద్దు తప్పని నిరూపించలేమని మాత్రమే అర్థం. ఒప్పని కాదు. ఖర్చు వైపు నేరుగా కొలవగలిగి కూడా రికార్డును నమ్మి రాసిన అంకె ఏదైనా ఉందేమో వెతకండి. మన పద్దులో అలాంటిది ఒకటి ఉంది, మురుగు పైపు. 105 అన్నది రికార్డులోని 60 శాతం నుంచి పుట్టింది. శుద్ధి కేంద్రం ముఖద్వారంలో మీటరు ఉంటుంది కదా.

మీటరు ఏడాదికి 62 లక్షల ఘనపు మీటర్లు చూపిస్తోంది. 40,000తో భాగిస్తే 155 మి.మీ. మన అంచనా కన్నా 50 ఎక్కువ. తేడా 100 నుంచి 50కి పడిపోయింది.

ఎక్కువ నీరు ఎలా వచ్చింది? భూగర్భజల మట్టం కన్నా లోతుగా వేసిన మురుగు పైపుకు అతుకుల దగ్గర బీటలుంటే ఊట నీరు లోపలికి దిగుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. వారం రోజులుగా వాన లేనప్పుడు, తెల్లవారుజామున 3 గంటలకు, ఇళ్ల మధ్య లైనులో ఒక మ్యాన్‌హోల్ మూత ఎవరైనా పని తెలిసినవాళ్ల చేత తీయించి, పైనుంచి టార్చి వేసి చూడండి. ఊరంతా నిద్రలో ఉంటుంది కాబట్టి సన్నటి ధార మాత్రమే ఉండాలి. పైపులో పావు వంతు నీరు నిలకడగా, దాదాపు తేటగా, పెద్దగా వాసన లేకుండా పారుతుంటే అది ఇళ్ల నుంచి వచ్చింది కాదు. లోపలికి మాత్రం దిగొద్దు. విషవాయువులు చేరే చోటు అది, మనుషులు అక్కడే చనిపోతుంటారు.

కుడి పేజీ

ముందు యూనిట్ల సంగతి చూసేద్దాం, లేకపోతే తర్వాత టెన్షన్. లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే ఘనపు మీటరుకు ఒక గ్రాము. ఒక లక్ష ఘనపు మీటర్ల నీటిలో ఆ గాఢత ఉంటే 100 కిలోలు, అంటే 0.1 టన్ను. కాబట్టి లక్షల ఘనపు మీటర్లను మిల్లీగ్రాములతో గుణించి పదితో భాగిస్తే టన్నులు వచ్చేస్తాయి.

ల్యాబ్ రిపోర్టులో "నైట్రేట్ 50" అని ఉంటే అది నత్రజని 50 కాదు. నైట్రేట్‌లో ఆక్సిజన్ బరువే ఎక్కువ, 4.43తో భాగిస్తే 11.3 వస్తుంది, అదీ అందులోని నత్రజని. తాగునీటిలో నైట్రేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 50 మిల్లీగ్రాముల హద్దు, అమెరికాలో పాటించే 10 మిల్లీగ్రాముల హద్దు దాదాపు ఒకటే కావడానికి కారణం ఇదే, మొదటిది నైట్రేట్‌గా, రెండోది నత్రజనిగా రాసినవి. ఫాస్ఫేట్‌నూ అలాగే 3.07తో భాగిస్తే భాస్వరం వస్తుంది.

ఇంకోటి. మురుగు కలిసే నదిలో నైట్రేట్ ఒక్కటే పరీక్ష చేయిస్తే నది శుభ్రంగా ఉన్నట్టు కనిపించొచ్చు. ఆక్సిజన్ లేని మురుగు నీటిలో నత్రజని ఎక్కువగా అమోనియా రూపంలో, సేంద్రియ పదార్థంలో ఉంటుంది. అందుకని మొత్తం నత్రజని కావాలని ల్యాబ్ వాళ్లకు స్పష్టంగా చెప్పండి.

ఇక జమ. ఊరికి నత్రజని లారీల్లో వస్తుంది, తిండి రూపంలో. మనం తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని దాదాపు అంతా, ఎక్కువగా మూత్రంలో, కొంత మలంలో బయటికి వచ్చేస్తుంది. మనిషికి రోజుకు మురుగులో 10 గ్రాముల నత్రజని, 1.5 గ్రాముల భాస్వరం అన్నది పనికొచ్చే అంచనా. 2 లక్షల మందికి ఏడాదికి 730 టన్నుల నత్రజని, సుమారు 110 టన్నుల భాస్వరం. హెక్టారుకు పంచితే 182 కిలోల నత్రజని. ముమ్మరంగా ఎరువు వేసే పొలానికి ఏ మాత్రం తీసిపోదు. నది పచ్చబడితే ముందు రైతు వైపు వేలు చూపేవాళ్లకు ఈ ఒక్క గుణకారం చేసి చూపించండి.

సాగులో మిగిలిన 1,000 హెక్టార్లకు హెక్టారుకు 80 కిలోల చొప్పున ఎరువు, 80 టన్నులు. వాన ద్వారా, ధూళి ద్వారా ఆకాశం నుంచి హెక్టారుకు 10 కిలోల చొప్పున 40 టన్నులు. మొత్తం జమ 850 టన్నులు.

ఖర్చులో నది వాటా తీయడమే ఈ పాఠంలో అసలైన పని. వాన లేని రోజుల ప్రవాహం 190 మి.మీ., అంటే 76 లక్షల ఘనపు మీటర్లు. దానిలో నత్రజని సగటున 14 మిల్లీగ్రాములు. కాబట్టి 106 టన్నులు. వాన ప్రవాహం 270 మి.మీ., అంటే 108 లక్షల ఘనపు మీటర్లు. వాన నీరు కలిసి పలచబడింది కాబట్టి 5 మిల్లీగ్రాములు. అది 54 టన్నులు. మొత్తం 160.

నెలకో శాంపిల్ చొప్పున ఏడాదికి పన్నెండు తీసేవాళ్లు ఏం చేస్తారో ఊహించండి. ఎండగా ఉన్న పని రోజున, పొద్దున పదకొండు గంటలకు, వంతెన మీద నుంచి బకెట్ వదులుతారు. పన్నెండూ వాన లేని రోజులవే అవుతాయి. సగటు 14 వస్తుంది. దాన్ని ఏడాది ప్రవాహం 184 లక్షలతో గుణిస్తే 258 టన్నులు. నిజం కన్నా 60 శాతం ఎక్కువ.

భాస్వరం దగ్గర అదే బకెట్ తిరగబడి తప్పు చెబుతుంది. భాస్వరం మట్టి రేణువులకు అంటుకుని ప్రయాణం చేస్తుంది, మట్టి కదిలేది వానలోనే. మామూలు రోజుల్లో 0.9, వరదలో 1.6 మిల్లీగ్రాములు అనుకుంటే అసలు లెక్క 6.8, 17.3 కలిపి 24 టన్నులు. బకెట్ లెక్క 16.6 టన్నులే, మూడో వంతు దాకా తక్కువ. ఒకే మనిషి, ఒకే వంతెన, ఒకే సీసా. నత్రజనిని పెంచి చెబుతున్నాడు, భాస్వరాన్ని తగ్గించి చెబుతున్నాడు. ఆ పైన శాంపిల్‌ను వడపోసి పరీక్షించారంటే మట్టికి అంటుకున్న భాస్వరమంతా వడపోత కాగితం మీదే మిగిలిపోతుంది.

కాబట్టి బడ్జెట్ ఇరవై శాంపిళ్లకే ఉంటే పన్నెండు నెలలకు పంచకండి. ఎనిమిది మామూలు రోజులకు చాలు, మిగతా పన్నెండు మూడు నాలుగు వానలకు ఖర్చుపెట్టండి. ప్రతి వానలోనూ నీరు లేస్తున్నప్పుడు, శిఖరం దగ్గర, దిగుతున్నప్పుడు తీయాలి. లేచే నీటిలో రోడ్ల మీది మురికి, కాలువ అడుగున పేరుకున్న బురద ముందే కొట్టుకొస్తాయి. అదే మట్టం దగ్గర దిగే నీరు చాలాసార్లు అంత మురికిగా ఉండదు. రెండు సీసాలు పక్కపక్కన పెడితే రంగే చెబుతుంది.

రెండు పేజీలూ ఎదురెదురుగా పెట్టినప్పుడు

మురుగు పైపులో ఎంత నత్రజని బయటికి పోతోంది? రికార్డు ప్రకారం 730లో 60 శాతం, 438 టన్నులు ఉండాలి. శుద్ధి కేంద్రం ముఖద్వారంలో కొలిస్తే సగటు 55 మిల్లీగ్రాములు. 62 లక్షల ఘనపు మీటర్లతో గుణిస్తే 341 టన్నులు. 730లో 47 శాతమే.

నీరు చూస్తే అనుకున్న దానికన్నా ఎక్కువ, నత్రజని చూస్తే అనుకున్న దానికన్నా తక్కువ. విడివిడిగా చూస్తే రెండూ కొలత లోపాలనిపిస్తాయి. కలిపి చూస్తే ఒకే కథ. రికార్డు చెప్పినన్ని ఇళ్లు ఆ పైపులో కలవడం లేదు, ఆ జాగాలో ఊట నీరు పారుతోంది. 47 శాతం ఇళ్లే కలిశాయనుకుంటే 175 మి.మీ. మురుగులో 82 మాత్రమే పైపులోది, మిగతా 73 నేలలోంచి దిగిన నీరు. ఇందాక మ్యాన్‌హోల్ దగ్గర 50 అనుకున్నది ఇప్పుడు 73 అయింది. బయటికి పోయేది మొత్తం 155 మి.మీ.యే కాబట్టి నీటి పద్దులో తేడా మారలేదు. కానీ ఆ 155 లోపల ఏముందో నీటి కొలతతో తెలిసేది కాదు, నత్రజనే చెప్పింది.

పట్టణ పరీవాహకంలో నీటి పద్దునూ పోషకాల పద్దునూ వేర్వేరు విభాగాలకు అప్పగించి వేర్వేరు నివేదికలుగా తెప్పించుకోవడం నాకు అందుకే నచ్చదు.

అయితే 47ను రాతి మీద చెక్కకండి. మనిషికి 10 గ్రాములన్నది అంచనా. పగలు పనికి బయటి ఊళ్లకు వెళ్లేవాళ్లు ఎక్కువైతే ఆ మేరకు నత్రజని వేరే చోట పడుతుంది. కొన్ని ఇళ్ల మురుగు సెప్టిక్ ట్యాంకు దాటాకే పైపులోకి వస్తుంటే కొంత ట్యాంకు మడ్డిలో ఆగుతుంది. రెండు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి మురుగు గొట్టం ఎటు పోతోందో చూస్తే వారంలో తేలిపోయే విషయం ఇది.

మిగిలిన 309 టన్నులు

జమ 850. ఖర్చులో మురుగు పైపు 341, నది 160, పంటలతో బయటికి పోయింది 40. మొత్తం 541. మిగిలింది 309 టన్నులు, జమలో 36 శాతం.

ఈ మిగులుకు "నేల పట్టి ఉంచింది" అని పేరు పెట్టేయడం ఆనవాయితీ. ఆ మాట వాడే ముందు పొరపాటు హద్దు కట్టండి. మనుషుల అంచనాకు 15 శాతం, మురుగుకు 10, నదికి 20, ఎరువుకు 30 వేస్తే వర్గమూలం 122 టన్నులు. కాబట్టి రాయాల్సింది 309 అని కాదు, 309కి 122 అటూఇటూ అని. సున్నా కాదన్నది మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

అందులో ఏమేం ఉండొచ్చు? బావుల్లో నత్రజని ఏడాదిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగిందనుకోండి. నీరున్న రాతి మందం 20 మీటర్లు, అందులో నీరు 2 శాతం అంటే 160 లక్షల ఘనపు మీటర్లు. 16 టన్నులే. కాబట్టి బావులు చెడిపోతున్నా సరే, మిగులులో పెద్ద వాటా అక్కడ దాగలేదు. ట్యాంకర్లలో ఎత్తి హద్దు బయట పోసే సెప్టిక్ మడ్డి ఒకటి, దాని ట్రిప్పుల లెక్క అడిగి తీసుకోండి. అమోనియాగా గాలిలోకి పోయేది కొంత. మిగతాది ఎక్కువగా బాక్టీరియా పని. ఆక్సిజన్ అందని తడి నేలలో, కుళ్లే ఆకుల మధ్య బాక్టీరియా నైట్రేట్‌ను విడగొట్టి నత్రజని వాయువుగా గాల్లోకి వదిలేస్తుంది. డీనైట్రిఫికేషన్ అంటారు.

ఈ పని బాగా జరిగే చోటు నది గట్టు వెంబడి ఉండే తడి నేల. పట్టణంలో అదే దెబ్బతింటుంది. వరదలు ఉద్ధృతమై నది అడుగు కోసుకుపోతుంది, నది లోతైతే గట్టు కింద నీటిమట్టమూ దిగుతుంది, పై నేల ఆరిపోయి ఆక్సిజన్ దూరుతుంది. అప్పుడు నైట్రేట్ విడిపోవడం అటుంచి కొత్తగా తయారయ్యే వీలూ ఉంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1997 నుంచి సాగిన దీర్ఘకాల పరిశోధనలో పీటర్ గ్రాఫ్‌మన్ బృందం గట్లు ఇలా ఎండిపోవడాన్ని నమోదు చేసింది. అక్కడే ఇంకో విషయమూ తేలింది. ఒక శివారు పరీవాహకంలో వర్షం, పచ్చిక ఎరువుల ద్వారా వచ్చిన నత్రజనిలో సుమారు 75 శాతం నదికి చేరకుండా ఆగిపోయింది. పోలిక కోసం తీసుకున్న అడవిలో 95 శాతం. శివారు నేల అంత ఆపుతుందని ఎవరూ అనుకోలేదు. మన 36ను ఆ 75 పక్కన పెట్టి పోల్చకండి. మన జమలో మురుగు ఉంది, వాళ్ల జమలో లేదు.

చెట్ల వాటా ఎంతో తెలియాలంటే హబ్బర్డ్ బ్రూక్ ప్రయోగం చూడాలి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఒక చిన్న పరీవాహకంలో 1965-66 శీతాకాలంలో చెట్లన్నీ నరికి, మొలకలు రాకుండా మందు కొట్టారు. మొదటి ఏడాదే వాగులో నీరు 39 శాతం పెరిగింది, నైట్రేట్ గాఢత పదుల రెట్లు పెరిగింది. అక్కడ ఎవరూ ఎరువు వేయలేదు, మురుగు కలపలేదు. తీసుకునే వేళ్లు లేకపోతే నేలలోని నత్రజని దానంతటదే కారిపోయింది. కొత్త లేఅవుట్ కోసం నేలను చదును చేసి రెండు మూడేళ్లు అలా వదిలేసిన చోట్ల మీ పద్దులో నది వాటా ఉన్నట్టుండి పెరిగితే ఈ ప్రయోగం గుర్తుచేసుకోండి. ఆ ఏడాది మిగులు మైనస్‌లోకి పోయినా ఆశ్చర్యం లేదు.

అభ్యాసాలు

ఒకటి. సరఫరాలో 30 శాతం హద్దు లోపలి బోర్ల నుంచి వస్తోందని ఇప్పుడు తెలిసింది. మీటరు చూపిన 155ను తీసుకుని నీటి పద్దు మళ్లీ కట్టండి. తేడా మైనస్‌లో వస్తుంది, భయపడొద్దు, పొరపాటు హద్దులో ఉందో లేదో చూడండి. తర్వాత ఇది ఆలోచించండి: ఏడాదికి 82 మి.మీ. తోడితే బావుల మట్టం 0.8 మీటరే ఎందుకు దిగింది?

రెండు. ముఖద్వారంలో భాస్వరం సగటు 7 మిల్లీగ్రాములు. మనిషికి 1.5 గ్రాముల లెక్కన ఎంత శాతం ఇళ్లు పైపులో కలిశాయో తీయండి. నత్రజని ఇచ్చిన 47 రాదు. ఏది తక్కువ వచ్చింది, ఎందుకు వచ్చి ఉంటుంది? సెప్టిక్ ట్యాంకు అడుగున ఏది ఎక్కువ ఆగుతుందో అన్న దగ్గర మొదలుపెట్టండి.

మూడు. వంతెన మీద బకెట్ వదిలే మనిషికి వానల్లో రెండే రెండు శాంపిళ్లు అదనంగా తీయడానికి డబ్బు దొరికింది. నీరు లేస్తున్నప్పుడు ఒకటి, దిగుతున్నప్పుడు ఒకటి తీయమంటారా, రెండు వేర్వేరు వానల శిఖరాల దగ్గర తీయమంటారా? నత్రజనికీ భాస్వరానికీ జవాబు వేరు కావచ్చు. కారణంతో రాయండి.

జవాబులు ఐదో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో క్లోరైడ్‌ను తీసుకుందాం. దాన్ని బాక్టీరియా గాల్లోకి పంపలేదు, మట్టి పెద్దగా పట్టుకోదు, మొక్కలు తీసుకునేది స్వల్పం. నత్రజని చెప్పిన 47 శాతం, 73 మి.మీ. లెక్కలను దానితో మూడోసారి సరిచూస్తాం. వీలైతే ఈలోగా ముఖద్వారం శాంపిల్‌లోనూ, ఏదైనా రెండు బావుల్లోనూ, కుళాయి నీటిలోనూ క్లోరైడ్ పరీక్ష చేయించి ఉంచండి.